ముక్కలు కొట్టించిన టర్కీ

ఆ ఏడాది ఆకులు రాలే ఫాల్ కాలమంతా మా ఇంట్లో పెత్తనం నాదీ కాదు, మా ఆయనదీ కాదు. ఫ్రిజ్ తలుపుకి అంటించిన ఒక కాగితానిది. సాస్కటూన్‌లో మా ఆయనకి కిడ్నీ మార్పిడి చేసి ఇంటికి పంపేటప్పుడు డైటీషియన్ ఇచ్చిన కాగితం అది. పచ్చిగుడ్డు వద్దు, గ్రేప్‌ఫ్రూట్ వద్దు, పంపరపనస వద్దు, బఫేలూ, తలా ఒక వంట తెచ్చే పాట్‌లక్కులూ వద్దు, వండాక రెండు గంటలకు మించి బయట ఉన్నది ఏదీ ముట్టుకోవద్దు. మామూలు వాళ్ళకి అవి జాగ్రత్తలు. మా ఆయన దక్షిణామూర్తికి శాసనాలు. ఆయన ఇక్కడ కెనడాలో, రెజైనా నగరంలో ప్రభుత్వ రోడ్ల శాఖలో ఇంజనీరు. వంతెన మీద ఇరవై టన్నులని బోర్డు ఉంటే, ఇరవై టన్నుల మీద ఒక కాకి వాలినా వంతెన కూలిపోతుందని నమ్మే రకం.

మే నెలలో ఆయనకి కిడ్నీ ఇచ్చింది నా చెల్లెలు రత్నకుమారి. నాది పనికిరాలేదు. షుగరు అంచు మీద ఉన్నదాన్నని మొదటి పరీక్షలోనే పక్కన పెట్టేశారు. ఆ సంగతి ఫోన్లో చెప్పి నేను ఏడుస్తుంటే, విన్నిపెగ్‌లో రత్న ఏదో తరుగుతూ వింటోంది. కత్తి చప్పుడు ఆగకుండానే, "సరేలే అక్కా, నాది చూపిద్దాం. రెండున్నాయిగా" అంది. అక్కడ ఒక వృద్ధాశ్రమం వంటింట్లో దాని ఉద్యోగం. రోజూ నూట ఇరవై మందికి వండి వార్చే మనిషికి ఇది కూడా ఒక వడ్డనలాగే అనిపించిందో ఏమో తెలియదు. నాలుగు నెలల పరీక్షలయ్యాక ఇద్దర్నీ ఒకే రోజు పక్కపక్క గదుల్లోకి తీసుకెళ్ళారు.

ఆపరేషన్‌కి ముందు వాళ్ళిద్దరి మధ్యా నడిచిందంతా వేళాకోళమే. పందొమ్మిదేళ్ళుగా ఆయన దాన్ని "ఏవే" అనే పిలిచాడు. ఏవే, ఇది పులుసా, చెరువు నీళ్ళా అనేవాడు. అది నాలుగు తిట్టేది. ఈయన ఆ పులుసే మూడోసారి పోయించుకునేవాడు. ఆపరేషన్ తర్వాత ఆ పిలుపు మాయమైపోయింది. జూన్‌లో ఆయన నాకు చెప్పకుండా షాపుకెళ్ళి ఒక థాంక్యూ కార్డు కొన్నాడు. పైన పొద్దుతిరుగుడు పూలు. లోపల 'డియర్ రత్నకుమారి గారు' అని మొదలుపెట్టి, ఆఫీసులో రిటైరయ్యేవాళ్ళకి రాసే ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాసి, కింద ఇంటిపేరుతో సహా సంతకం పెట్టాడట. రత్న ఫోన్లో చదివి వినిపించేదాకా నాకు ఆ సంగతే తెలియదు. చదవడం అయ్యాక కార్డు మూసిన చప్పుడైంది. తర్వాత, "అక్కా, నేను బావగారికి ఏమవుతాను?" అని అడిగింది. ఏదో సర్దిచెప్పాను.

మన ఇళ్ళలో ఎవరు ఎవరికి థాంక్స్ చెబుతారు గనక. అమ్మ అన్నం పెడితే తిని చెయ్యి కడుక్కుంటాం. నోరు తెరిచి ఆ మాట అన్నామంటే, అవతలి మనిషిని గుమ్మం బయట నిలబెట్టినట్టే. ఇరవై ఏళ్ళు కెనడాలో ఉండి, బస్సు దిగుతూ డ్రైవరుకి కూడా థాంక్యూ చెప్పే అలవాటు పట్టుబడ్డా, ఆ మాట మాత్రం ఇంటి చెప్పుల స్టాండ్ దగ్గరే ఆగిపోతుంది.

కార్డు గాయం మానకముందే జూలై లాంగ్ వీకెండ్ వచ్చింది. రత్న తనంతట తనే కూతురు స్వీటీని వెంటేసుకుని ఆరు గంటలు డ్రైవ్ చేసుకుంటూ వచ్చింది. కుట్లు మానీ మానకుండా, తెల్లవారుజామునే లేచి గుత్తివంకాయ కూరా, పులిహోరా చేసి తెచ్చింది. రెండూ ఆయనకి ప్రాణం. మూతలు తీసి బల్ల మీద పెడుతుంటే ఆయన గోడ గడియారం చూసి, ఎన్నింటికి బయల్దేరారని అడిగాడు. ఆరింటికని చెప్పింది. ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టి, "ఆరు గంటలు. కాగితంలో రెండే" అన్నాడు. అని, నేను వేరుగా వండిన చప్పిడి కూర తన కంచంలో వడ్డించుకుని కూర్చున్నాడు. మేము తిన్నాం. రత్న తిన్నదో లేదో నేను తలెత్తి చూడలేకపోయాను. మర్నాడు కారెక్కుతూ నా చెవి దగ్గర ఒక్క మాట అంది.

"నా కిడ్నీ పనికొచ్చింది గానీ, నా చేతి అన్నం పనికిరాలేదన్నమాట."

అప్పటినుంచీ అది ఆయనతో మాట్లాడలేదు. నాతో మాట్లాడేటప్పుడు కూడా ఆయన పేరు ఎత్తేది కాదు. మందులు వేసుకుంటున్నారా అనైనా అడగలేదు. ఇక్కడ ఈయనా అంతే. పొద్దునా సాయంత్రం జ్వరం చూసుకోవడం, బరువు చూసుకోవడం, నోట్‌బుక్‌లో రాసుకోవడం, హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకి తిరగడం. తిరిగి తిరిగి కార్పెట్ మీద ఒక దారి పడింది. ఆయన్ని చూస్తూ నాకూ కాలు నిలిచేది కాదు. నేను పనిచేసే యూనివర్సిటీలో నా సీట్లో కూర్చునేదాన్నే గానీ, అయిదు నిమిషాలకోసారి లేచి ఊరికే కాఫీ మెషిన్ దాకా వెళ్ళొచ్చేదాన్ని. నాకున్నది ఒక్క చెల్లెలు, ఒక్క మొగుడు. ఒకళ్ళ దగ్గర ఇంకొకళ్ళ పేరెత్తకుండా మిగతా బతుకంతా గడపాలా అని భయం పట్టుకుంది. అక్టోబరులో వచ్చే లాంగ్ వీకెండ్ కూడా దాటిపోతే ఇక రత్న మా గుమ్మం తొక్కదని నాకు లోపల తెలుస్తూనే ఉంది.

అందుకే ఇక్కడివాళ్ళు టర్కీ కోడి వండుకునే పంటల పండగ థాంక్స్‌గివింగ్‌ని అడ్డం పెట్టుకున్నాను.

ప్రతి అక్టోబరులో మేము తెలుగు సంఘం వాళ్ళ పాట్‌లక్‌కి వెళ్ళేవాళ్ళం. అక్కడ టర్కీ ఉండదు, పన్నెండు రకాల బిర్యానీ ఉంటుంది. ఈసారి పాట్‌లక్ ఎలాగూ కాగితంలో కొట్టేసిన ఐటమ్. పన్నెండో గ్రేడ్ చదివే మా అర్జున్, "ఫర్ వన్స్ కెన్ వి డూ ఎ రియల్ వన్?" అని గొణుగుతున్నాడు. సెప్టెంబరు రెండో వారంలో రత్నకి ఫోన్ చేసి, పిల్లలు అసలైన థాంక్స్‌గివింగ్ కావాలంటున్నారనీ, అంత పక్షిని వండటం నా వల్ల కాదనీ, అది వచ్చి తీరాలనీ చెప్పాను. 

"టర్కీ కోసం వస్తాను" అంది చివరికి. "టర్కీ కోసమే."

ఇక దానికి ఊపు వచ్చేసింది. ఏటా వాళ్ళ ఆశ్రమంలో ఎనిమిది పక్షుల్ని ఒంటిచేత్తో వండుతుంది. పక్షిని మొత్తంగా తెమ్మంది, తోలు చిరగకూడదంది, పెద్ద పళ్ళెమూ థర్మామీటరూ తనే తెస్తానంది. ఆ మాటల్లోనే హాలినా అనే ఒకావిడ సంగతి కూడా చెప్పింది. తొంభై మూడేళ్ళ మనిషి, మా సస్కాచెవాన్ రాష్ట్రపు పొలాల్లోనే పుట్టి పెరిగి, కూతురి కోసం విన్నిపెగ్ వచ్చిందట. థాంక్స్‌గివింగ్ రోజున ఆశ్రమంలో అందరూ బల్ల చుట్టూ కూర్చుని దేనికి కృతజ్ఞతో తలా ఒక మాట చెబుతారట. ఈవిడ మాత్రం ఏటా నోరు విప్పదు. మంచు పడకముందు పంట ఇంటికి చేరితే పండగ, చేరిన పంటని తినాలి, దానికి ఉపన్యాసం దేనికి అంటుందట. అందరూ మాటలు చెప్పుకుంటుంటే ఆవిడ తినేసి, కంచం వంచి చూపిస్తుందట, మెతుకు లేదు చూడమని. రత్న నవ్వుతూ చెప్పింది. జూలై తర్వాత అది నవ్వగా నేను వినడం అదే మొదలు.

సెప్టెంబరు ఆఖర్లో ఇంకో గొడవ వచ్చిపడింది. వారం వారం చేసే రక్తపరీక్షలో, కిడ్నీ దెబ్బతింటే పెరిగే క్రియాటినిన్ అంకె నూట పద్దెనిమిది నుంచి నూట ముప్పై తొమ్మిదికి పెరిగింది. నీళ్ళు బాగా తాగి మూడు రోజుల తర్వాత మళ్ళీ రమ్మన్నారు. ఆ మూడు రోజులూ ఆయన సీసా పక్కన పెట్టుకుని గంటకి ఇంత అని గీతలు గీసుకుని తాగాడు. మూడో రోజు పొద్దున్న ల్యాబ్ ముందు కారు ఆపాక దిగలేదు. సీటు బెల్ట్ తీయలేదు. పైన బాతుల గుంపు ఒకటి అరుచుకుంటూ దక్షిణానికి పోతోంది. వాటిని చూస్తున్నాడనుకున్నాను.

"నా సొంతవి రెండూ పోయినప్పుడు నేనింత భయపడలేదు వాసంతీ" అన్నాడు. "పోతే నావేగా అనుకున్నాను. ఇది నాది కాదు. నీ చెల్లెలు కోయించుకుని ఇచ్చింది. ఓ పూట నోటికి కక్కుర్తిపడి దీన్ని పాడు చేసుకుంటే, దాని మొహం ఎలా చూడను?"

అప్పటిదాకా ఆయనది చాదస్తం అనుకున్నాను. దానికి ఇంత వేరు ఉందని నాకు తెలియదు. ఆయన సీటు బెల్ట్ నేనే తీశాను. లోపలికెళ్ళి రక్తం ఇచ్చి వచ్చాం. సాయంత్రానికి నూట ఇరవై అని మెసేజ్ వచ్చింది. నీళ్ళు తక్కువ తాగడమే కారణమట. ఆ అంకె చూసుకుని ఆయన బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని చాలాసేపు ఉన్నాడు.

కారులో అన్న మాటలన్నీ నేను రత్నకి ఫోన్లో పూసగుచ్చినట్టు చెప్పాను. కరిగిపోతుందనుకున్నాను. అది విని, "అయితే అద్దాల బీరువాలో పెట్టుకుని పూజ చేసుకోమను" అంది. "నేనిచ్చింది బతకమని అక్కా, కాపలా కాయమని కాదు." అంతలో ఓవెన్ మోగుతోందని పెట్టేసింది. వాళ్ళాయన భీమారావు లారీ మీద కాల్గరీ వైపు వెళ్తూ ఆ సాయంత్రం నాకు ఫోన్ చేశాడు. ఆ కార్డుని రత్న చింపలేదనీ, కానీ తన మందుల డబ్బా అడుగున తలకిందులుగా పెట్టిందనీ చెప్పాడు. ఈ లాంగ్ వీకెండ్ కూడా ఏదైనా తేడా వస్తే ఇక బతిమాలవద్దని కూడా అన్నాడు. మా మరిది అలా మాట్లాడే మనిషి కాదు.

పండగ శనివారం వచ్చింది. మేము ఎప్పుడూ మేకమాంసం తెచ్చుకునే హలాల్ షాపులో ఆరు కిలోల తాజా టర్కీకి ఆర్డర్ ఇచ్చి ఉంచాను. రత్న వచ్చేలోపు ఇల్లు సర్దుకోవాలని, వెళ్ళి తీసుకురమ్మని ఆయన్ని పంపాను. అక్కడే నా బుద్ధి గడ్డి తింది. గంట తర్వాత ఆయన రెండు ప్లాస్టిక్ సంచులతో వచ్చాడు. ఒక్కో సంచిలో రెండున్నర కిలోల పైచిలుకు ముక్కలు. తోలు తీసేసి, ఎముకతో సహా చిన్నగా కొట్టించిన కూర ముక్కలు.

నేను రెండు సంచులూ విప్పి ముక్కలు తిరగేశాను. ఆయన మాత్రం ఆఫీసులో రిపోర్టు ఇస్తున్నట్టు నిదానంగా వివరించాడు. పక్షి మొత్తంగా వండితే లోపల ఎనభై రెండు డిగ్రీలు రావాలి. ఎముక దగ్గర వచ్చిందో లేదో ఎవరు చూడొచ్చారు. ముక్కలకైతే డెబ్బై నాలుగు చాలు. షాపతను అడిగాడు, ఎప్పటిలాగే కర్రీ కట్ చెయ్యమంటారా అని. అదే క్షేమం అనిపించింది.

"రత్నకి ఉడికించడం రాదనుకున్నారా?" అన్నాను. "ఏటా ఎనిమిది వండుతుంది."

అప్పుడు గాని ఆయనకి వెలగలేదు. ఒక సంచి వైపు, ఇంకో సంచి వైపు చూశాడు. మళ్ళీ అతికించే వీలుందా అన్నట్టుంది ఆ చూపు. నేను సంచులు తీసుకెళ్ళి ఫ్రిజ్‌లో పెట్టాను.

నాలుగింటికి స్వీటీతో కలిసి రత్న దిగింది. గుమ్మంలోకి వచ్చేటప్పుడే రెండు చేతులా బిడ్డని ఎత్తుకున్నట్టు పెద్ద రోస్టింగ్ పళ్ళెం. దాచి లాభం లేదని అక్కడే చెప్పేశాను. అది పళ్ళెం కింద పెట్టి, ఫ్రిజ్ తెరిచి, సంచుల్ని వేలితో నొక్కి చూసి, తలుపు వేసింది. తలుపు మీద కాగితాన్ని పైనుంచి కింద దాకా చదివింది. తర్వాత పళ్ళెం తీసుకెళ్ళి మళ్ళీ కారులో పెట్టి వచ్చింది.  నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

ఆ సాయంత్రం భోజనానికి పిలిస్తే, దారిలో తినేశాంలే అక్కా, ఆకలి లేదంది. పధ్నాలుగేళ్ళ స్వీటీ నాలుగో చపాతీ తుంచుతూ, "మామ్, వి డిడ్ంట్ స్టాప్ ఎనీవేర్" అంది. రత్న దాని వైపు చూసిన చూపుకి పిల్ల తల దించుకుంది. ఒక గ్లాసు మంచినీళ్ళు తాగి, ఆ గ్లాసు తనే కడిగి బోర్లించి పడుకోవడానికి వెళ్ళిపోయింది. ఆయన బల్ల దగ్గర రత్న కోసం వేసిన కంచం ముందు నిలబడ్డాడు. కంచం తీయలేదు, కూర్చోలేదు. మన ఇంటికొచ్చిన మనిషి మన ఇంట్లో మెతుకు ముట్టకపోతే ఎలా ఉంటుందో ఆ పూట ఆయనకి తెలిసింది. జూలైలో ఆయన చేసింది అదే మరి.

ఆదివారం పొద్దున్న లేచేసరికి వంటింట్లో ఉల్లిపాయల ఘాటు. రత్న ఆప్రాన్ కట్టుకుని నిలబడి ఉంది. సామాను సర్దుకుని బయల్దేరిందేమోనని పరుగున వచ్చిన నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

"పిల్లలు ఆశ పెట్టుకున్నారు" అంది వెనక్కి తిరక్కుండానే. "పెద్ద గిన్నె ఎక్కడ?"

ముక్కలకి పెరుగు పట్టించి పెట్టింది. టర్కీ మాంసం గట్టిది, కోడిలా కాదు, సన్న సెగ మీద గంటలకొద్దీ మగ్గాలట. గసగసాలూ కొబ్బరీ నూరింది. నేను సాస్ కోసం కొన్న క్రాన్‌బెర్రీలు చూసి, ఈ పులుపుని పంచదారలో పోసి చంపడమెందుకని సగం పప్పులో వేసి, సగం ఎండుమిర్చితో పచ్చడి నూరింది. గుమ్మడికాయ ముక్కలు బెల్లం వేసి పులుసు పెట్టింది. అర్జున్ షాపు నుంచి గుమ్మడికాయ 'పై' అనే తీపి రొట్టె తెచ్చి, ఇదొక్కటైనా రూల్ ప్రకారం ఉండనివ్వమని వేడుకున్నాడు. మా ఆయన మంచినీళ్ళకని ఏడుసార్లు వంటింటి గుమ్మం దాకా వచ్చాడు. వచ్చినప్పుడల్లా రత్న థర్మామీటరు ముక్కలో గుచ్చి, గుమ్మంలో ఆయన ఉండగానే నాతో చెప్పేది.

"అక్కా, తొంభై అయిదు చూపిస్తోందని చెప్పు బావగారికి."

నేను వెనక్కి తిరిగి, తొంభై అయిదట అని చెప్పేదాన్ని. ఆయన తల ఊపి నీళ్ళు తాగకుండానే వెళ్ళిపోయేవాడు. మధ్యాహ్నమంతా అలా వాళ్ళిద్దరి మధ్య నేను టెలిఫోన్ తీగనయ్యాను. ఉల్లిపాయలు తరిగిన చేత్తో కళ్ళు తుడుచుకోకూడదని తెలిసి కూడా తుడుచుకున్నాను.

నాలుగున్నరకి బల్ల చుట్టూ కూర్చున్నాం. కిటికీలోంచి ఎండ పలచగా పడుతోంది, వెనక ఇంటి వాళ్ళు తోటలో ఆకులు ఊడుస్తున్నారు. గిన్నె మూత తీయబోతే స్వీటీ ఆపింది. రూల్ ప్రకారం ముందు అందరూ దేనికి థాంక్‌ఫుల్లో చెప్పాలంది. అర్జున్ తన డ్రైవింగ్ టెస్ట్ పాసవడం గురించి చెప్పాడు. స్వీటీ తన పాదాల వైపు చూసుకుంటూ, "దట్ మామ్ వోక్ అప్" అంది. ఆపరేషన్ తర్వాత మెలకువ రావడం గురించి. ఆ పిల్ల అయిదు నెలలుగా అది మనసులో పెట్టుకుని తిరుగుతోందని మాలో ఎవరికీ తెలియదు. రత్న దాని వీపు మీద చెయ్యి వేసింది. నా వంతుకి నేను ఏం చెప్పానో నాకు గుర్తులేదు, వీళ్ళందరూ ఇక్కడ ఉన్నారని ఏదో అన్నాను.

తర్వాత ఆయన వంతు. ఆయన లేచి నిలబడ్డాడు. చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీశాడు.  వారం రోజులుగా బేస్‌మెంట్‌లో కంప్యూటర్ ముందు కూర్చుని రాస్తున్నది ఆఫీసు పనే అనుకున్నాను. కళ్ళద్దాలు సరిచేసుకుని, గొంతు సవరించుకుని, ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. ఈ సందర్భంగా రత్నకుమారి గారికి అనేవరకు వచ్చాడు.

రత్న కుర్చీ వెనక్కి జరిపి లేచింది. "కూర అడుగంటుతుందేమో చూసొస్తాను" అంది.

కూర గిన్నె బల్ల మీదే ఉంది. ఆ సంగతి అందరికీ కనిపిస్తూనే ఉంది. రత్న ఆ గిన్నెనీ అన్నం గిన్నెనీ చెరో చేత్తో ఎత్తుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆయన కాగితం అలాగే పట్టుకుని నిలబడ్డాడు. కూర్చోండి అనాలని ఉంది నాకు, కానీ ఆ మాట అంటే అంతా అయిపోయినట్టే అవుతుందని భయమేసింది. అయిదు నెలల నుంచీ ఆయన తిప్పలు పడుతున్నది ఈ ఒక్కటీ చెప్పడానికే. చెప్పే కొద్దీ రత్న ఇంకా దూరం జరుగుతోంది. ఇద్దరి మీదా జాలేసింది, ఇద్దరి మీదా ఒళ్ళు మండింది.

స్వీటీ వాళ్ళమ్మ వెనకే వెళ్ళింది. లోపల ఏదో గుసగుసలాడింది. తర్వాత దాని గొంతు కొంచెం పెద్దగా వినిపించింది. "కెన్ యూ డూ ద హ్యాండ్ థింగ్? లైక్ వెన్ ఐ వాజ్ లిటిల్?" అర్జున్ ఆ మాట విన్నాడో లేదో, కుర్చీలోంచి ఎగిరి వంటింట్లోకి దూకాడు. నేనూ వెళ్ళాను, ఆయన్ని ఒక్కణ్ణీ వదిలేసి.

రత్న పొయ్యి పక్కన గట్టు మీద స్టీలు బేసిన్ పెట్టింది. అందులో వేడన్నం గుమ్మరించి, టర్కీ కూర ఇగురంతా దాని మీద పోసి, ముక్కలు ఎముకల నుంచి విడదీసి, నెయ్యి వేసి, మోచేతి దాకా చెయ్యి కడుక్కుని కలపడం మొదలుపెట్టింది. మా అమ్మ ఇలాగే కలిపేది. మేమిద్దరం ఆవిడ చుట్టూ కూర్చుని చేతులు చాపేవాళ్ళం. రత్న ఒక ముద్ద చేసి స్వీటీ అరచేతిలో పెట్టింది. ఒకటి అర్జున్‌కి. వాడి అరచెయ్యి ఆమె రెండు చేతులంత ఉంది. "పిన్నీ, దిస్ ఈజ్ వే బెటర్ దేన్ టర్కీ" అన్నాడు నోటినిండా పెట్టుకుని. నేను యాభై ఏళ్ళ మనిషిని, సిగ్గుపడుతూనే చెయ్యి చాపాను. నాకూ ఒకటి పెట్టింది. గసగసాల రుచి, నేతి వాసన, దాని చేతి ఉప్పు. 

రత్న మళ్ళీ స్వీటీ కోసం ముద్ద చేస్తోంది. పిల్లల భుజాల మధ్య నుంచి ఇంకో అరచెయ్యి వచ్చింది. మణికట్టు దగ్గర సూదులు గుచ్చి గుచ్చి కమిలిన చెయ్యి. పొద్దుటి నుంచీ సానిటైజర్ రాసీ రాసీ తెల్లగా పొడిబారి ఉంది. ఆయన ఎప్పుడు వచ్చాడో నేను చూడలేదు.

రత్న చేతిలో ముద్ద అలాగే ఆగింది. ఆయన మొహం వైపు చూడలేదు, చెయ్యి వైపే చూసింది.

"చేత్తో కలిపాను బావగారూ" అంది.

"చూశాను" అన్నాడు.

థర్మామీటరు గట్టు మీద, ఆయన చేతికి జానెడు దూరంలో ఉంది. ఆయన వెనకాలే ఫ్రిజ్, దాని మీద కాగితం.  అర్జున్ నమలడం ఆపేశాడు. రత్న ఆ ముద్దని సగం చేసి, చిన్నది ఆయన చేతిలో పెట్టింది. ఎంతైనా ఆ కిడ్నీ గురించి దానికీ భయం ఉంది. ఆ భయం అది ఇంతవరకూ ఎవరికీ చూపించలేదు.

ఆయన తిన్నాడు. నిదానంగా, ఎముక ముక్కలేమైనా వస్తాయేమోనని నాలుకతో చూసుకుంటూ తిన్నాడు. తిని, అరచెయ్యి వంచి చూసుకున్నాడు. ఒక మెతుకు అంటుకుని ఉంటే అది కూడా నోట్లో వేసుకున్నాడు. తర్వాత ఖాళీ చెయ్యి మళ్ళీ చాపాడు.

"ఏవే" అన్నాడు.  "పిల్లలకి అంతంత ముద్దలు పెట్టి, నాకు మాత్రం చింతగింజంతా?"

రత్న ఎడమచేతి మోచేత్తో మొహం తుడుచుకుంది, ఒకసారి, రెండుసార్లు. తర్వాత బేసిన్ అడుగుదాకా చెయ్యి పోనిచ్చి, ఈ చివర నుంచి ఆ చివర దాకా ఊడ్చి, ఆయన అరచెయ్యి పట్టనంత ముద్ద చేసి పెట్టింది.

"అలా చూస్తావేంటక్కా" అంది నా వైపు తిరిగి. "అన్నం సరిపోదు. ఇంకో గ్లాసు పడెయ్యి."

నేను బియ్యం కొలవడానికి వెళ్ళాను.